ఫోర్క్‌లిఫ్టు మొరాయించిన వేళ

గల్ఫ్ దేశాలలోని తెలుగువారి వంటింటికి చేరే సోనా మసూరి బియ్యం బస్తా, కందిపప్పు సంచి, ఆవకాయ సీసా – వీటిలో ఏదీ కేవలం మనిషి భుజం మీద ప్రయాణించి వచ్చినది కాదు. ఓడ దిగిన కంటైనరు తలుపు తెరిచింది మొదలు దుకాణానికి బయలుదేరే లారీలోకి ఎక్కేవరకు, ఆ సరుకును ఎత్తి, మోసి, దించేది ఫోర్క్‌లిఫ్టు అనే పొట్టి బండి. దుబాయి సమీపాన జెబెల్ అలీ రేవు 1979లో ప్రారంభమైంది. దాని చెంతనే 1985లో ఫ్రీ జోన్ ఏర్పడింది. ఆ తరువాత ఆ ప్రాంతమంతా గిడ్డంగులతో నిండిపోయింది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి వలస వెళ్ళినవారిలో ఎందరో ఇటువంటి గిడ్డంగులలో బండి నడిపేవారుగా, సహాయకులుగా, మెకానిక్కులుగా జీవనం సాగిస్తున్నారు. వారు నెలనెలా పంపే డబ్బు గురించి ఇంట్లో అందరికీ తెలుసు గాని, రోజుకు పది గంటలు వారు కూర్చునే ఆ యంత్రం లోపల ఏముందో తెలిసిన కుటుంబాలు బహు తక్కువ.

డీజిలుతోనూ, గ్యాసుతోనూ నడిచే ఫోర్క్‌లిఫ్టులు ఆరుబయట పనికి అనువైనవి. కప్పు కింద, ఆహార పదార్థాల నడుమ, శీతల గిడ్డంగులలో పొగ పనికిరాదు కనుక అక్కడ విద్యుత్ బండ్లదే రాజ్యం. ఈ బండ్లలో నడకను అదుపు చేసే విద్యుత్ పరికరాలకు వచ్చే జబ్బులు ప్రధానంగా రెండు రకాలు. కదలవలసినప్పుడు కదలకపోవడం ఒకటి. కదలకూడనప్పుడు కదలడం మరొకటి. మొదటిదాని వలన యజమానికి డబ్బు నష్టం. రెండవదాని వలన మనిషి ప్రాణానికే ముప్పు. మరమ్మతు చేసేవాని నైపుణ్యాన్ని కొలవవలసింది మొదటి జబ్బును ఎంత త్వరగా కుదిర్చాడన్న దానితో కాదు. దానిని కుదిర్చే తొందరలో రెండవ జబ్బుకు దారి తీయలేదు కదా అన్న ప్రశ్నతో.

నిరోధాల నుండి అర్ధవాహకాల వరకు

బ్యాటరీతో నడిచే బండ్లు కొత్తవి కావు. 1906లోనే అమెరికాలోని పెన్సిల్వేనియా రైల్‌రోడ్ సంస్థ ఆల్టూనా స్టేషనులో ప్రయాణికుల సామాను మోయడానికి బ్యాటరీ బండ్లను వాడింది. 1923లో యేల్ సంస్థ ఎత్తుకు లేచే ఫోర్కులతో విద్యుత్ బండిని తయారు చేసింది. ఆనాటి బండ్లలో వేగాన్ని తగ్గించాలంటే మోటారుకు ముందు పెద్ద పెద్ద నిరోధపు తీగచుట్టలను అడ్డం పెట్టేవారు. తొక్కుడుమీట నొక్కిన కొద్దీ ఒక్కొక్క చుట్టా తొలగిపోయి బండి మెట్లు మెట్లుగా వేగం పుంజుకునేది. మోటారుకు చేరని శక్తి అంతా ఆ చుట్టలలో వేడిగా మారి వృథా అయ్యేది. పొదుపరి అయిన గృహిణి చూస్తే సహించలేని ఏర్పాటది.

1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ శాస్త్రజ్ఞులు థైరిస్టరును రూపొందించడంతో ఈ దుబారాకు మందు దొరికింది. సూత్రం అతి సులభమైనది. కుళాయిని సగం తిప్పి సన్నని ధార పట్టడం ఒక పద్ధతి. పూర్తిగా తెరిచి వెంటనే పూర్తిగా మూసివేస్తూ, తెరిచి ఉంచే కాలాన్ని పెంచుతూ తగ్గిస్తూ నీళ్ళు పట్టడం రెండవ పద్ధతి. ఇందులో కుళాయి వద్ద ఒత్తిడి వృథా కాదు. థైరిస్టరు సెకనుకు కొన్ని వందల సార్లు ఈ విధంగా విద్యుత్తును తెరిచి మూస్తుంది. పాత బండ్లు కదలబోయే ముందు తుమ్మెద రొద వంటి గుర్రుమనే శబ్దం చేసేది అందుకే. తరువాతి తరంలో వచ్చిన మోస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు సెకనుకు సుమారు 15,000 సార్లు ఈ పని చేస్తాయి గనుక ఆ రొద చాలా మందికి వినిపించదు.

ఈ పద్ధతిలో ఒక చమత్కారం ఉంది. 48 వోల్టుల బ్యాటరీని కాలంలో నాలుగో వంతు మాత్రమే మోటారుకు తగిలిస్తే, మోటారుకు సగటున 12 వోల్టులు అందుతాయి. అప్పుడు మోటారులో 200 ఆంపియర్లు పారుతున్నా బ్యాటరీ నుండి సగటున 50 ఆంపియర్లే ఖర్చవుతాయి. మూసి ఉన్న క్షణాలలో మోటారు చుట్టలలోని ప్రవాహం ఆగిపోకుండా ఒక డయోడు గుండా తిరిగి తిరిగి వస్తుంది. ఆ డయోడు తెగిపోతే పారే దారి లేక చుట్టల వద్ద వోల్టేజి ఒక్కసారిగా ఎగసి ట్రాన్సిస్టరును బలి తీసుకుంటుంది. కనుక కాలిన ట్రాన్సిస్టరును మార్చినవాడు డయోడును కూడా పరీక్షించకపోతే కొత్త ట్రాన్సిస్టరుకూ అదే గతి పడుతుంది.

థైరిస్టరుకు పుట్టుకతో వచ్చిన ఒక మొండితనం ఉంది. ఒకసారి తెరుచుకుంటే, తన గుండా పారే ప్రవాహం దాదాపు సున్నాకు పడిపోయేదాకా మూసుకోదు. ఇళ్ళలోని ఏకాంతర విద్యుత్తు ప్రతి అర్ధ ఆవర్తనంలోనూ తనంత తానే సున్నాకు వస్తుంది. బ్యాటరీ విద్యుత్తుకు ఆ గుణం లేదు. అందువలన ఒక కెపాసిటరును వ్యతిరేక దిశలో నింపి ఉంచి, సరైన క్షణాన దానిని ఎదురుగా తగిలించి థైరిస్టరును బలవంతాన మూయవలసి వస్తుంది. సంవత్సరాలు గడిచి ఆ కెపాసిటరు సత్తువ తగ్గితే, నిండు బరువుతో ర్యాంపు ఎక్కేటప్పుడు, అంటే ప్రవాహం అత్యధికంగా ఉన్నప్పుడు, థైరిస్టరు మూసుకోకుండా మిగిలిపోవచ్చు. అప్పుడు బండి పూర్తి బలంతో ముందుకు దూకుతుంది. ఈ ఆపదను కనిపెట్టి తక్షణమే దిశా కాంటాక్టరును తెరిచివేసే కాపలా వలయం అందులోనే అమర్చి ఉంటుంది. మెకానిక్కు కొత్తవాడైతే, "ఊరికే తెగిపడుతోంది" అని ఆ కాపలా వలయాన్నే దోషిగా భావించే ప్రమాదం ఉంది. నిజానికి దోషి కెపాసిటరు. కావలివాడు తన పని తాను చేస్తున్నాడు.

పనిముట్టు పట్టుకునే ముందు

బ్యాటరీ సంగతి కొంత చెప్పుకోక తప్పదు. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే ఇప్పటికీ అనేక ఫోర్క్‌లిఫ్టులను నడుపుతున్నది. ఇటీవలి కాలంలో లిథియం బ్యాటరీలు దాని పక్కన చోటు సంపాదించుకున్నాయి. 48 వోల్టుల సీసపు బ్యాటరీలో రెండేసి వోల్టుల గదులు 24 ఉంటాయి. దాని బరువు తరచు టన్ను దాటుతుంది. ముందు ఫోర్కుల మీది సరుకుకు ఆ బరువే వెనుక సమతూకం. కనుక అచ్చు అదే వోల్టేజి ఉన్నదని తేలికపాటి బ్యాటరీని పెట్టడం తూనికరాయిని దొంగిలించడం వంటిది.

ఈ బ్యాటరీ ధ్రువాల మీద పానా జారిపడితే వేల ఆంపియర్లు పారగలవు. అందుచేత ఉంగరాలు, కడియాలు, లోహపు గొలుసు గల గడియారాలు తీసివేయడం, బ్యాటరీ ప్లగ్గును లాగివేయడం, నడిపే చక్రాలను నేల నుండి పైకి లేపి దిట్టమైన దిమ్మల మీద నిలపడం – ఈ మూడూ ముగిశాకే మూత తెరవాలి. ప్లగ్గు లాగినా కంట్రోలరులోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. 25 వాట్ల సామర్థ్యం, 10 ఓములకు తక్కువ కాని నిరోధాన్ని కంట్రోలరు ధన, ఋణ ధ్రువాల మధ్య కొన్ని సెకన్లు ఉంచి దానిని ఖాళీ చేస్తారు. స్క్రూడ్రైవరు ఆనించి నిప్పురవ్వలు రప్పించే పద్ధతి చూడటానికి సాహసంగా కనిపిస్తుంది గాని, కెపాసిటర్లకూ మంచిది కాదు, కళ్ళకూ మంచిది కాదు.

కారు మెకానిక్కుగా అనుభవం గడించి ఈ పనికి వచ్చినవారు మొదటి రోజే పొరబడే చోటు ఒకటి ఉంది. కారులో ఇనుప చట్రమే ఋణ ధ్రువం. మీటరు నల్ల తీగను ఎక్కడ ఆనించినా లెక్క సరిపోతుంది. విద్యుత్ ఫోర్క్‌లిఫ్టులో చట్రానికీ బ్యాటరీకీ సంబంధం ఉండకూడదు. నల్ల తీగను చట్రానికి ఆనించి కొలిస్తే వచ్చే అంకెలకు అర్థం లేదు. బ్యాటరీ ఋణ ధ్రువం నుండే కొలవాలి. పైపెచ్చు, చట్రానికీ ధ్రువాలకూ మధ్య గణనీయమైన వోల్టేజి కనిపిస్తే అదే ఒక రోగ లక్షణం. బ్యాటరీ పైన ఒలికిన ఆమ్లపు తడి గాని, మోటారులో బ్రష్షులు అరిగి పేరుకున్న కార్బన్ పొడి గాని విద్యుత్తుకు దొంగదారి ఏర్పరచిందన్న మాట. ఒక్క చోట ఇటువంటి దొంగదారి ఉన్నప్పుడు బండి మామూలుగానే నడుస్తుంది. రెండవ చోట కూడా ఏర్పడిన రోజున, ఏ స్విచ్చూ నొక్కకుండానే ఏదో ఒక కాంటాక్టరు పడవచ్చు. అంతుచిక్కని బండి దెయ్యాలలో చాలా వాటికి మూలం ఇదే.

పొద్దున నడిచి మధ్యాహ్నం ఆగిన బండి

ఇక అసలు లోపాన్వేషణ ఎలా సాగాలో ఒక ఉదాహరణ తీసుకుని చూడవచ్చు. ఆగస్టు మాసం, తీరప్రాంతపు గిడ్డంగి. 48 వోల్టుల పాత బండి, బ్రష్షుల మోటారు, ముందుకూ వెనక్కూ రెండు దిశా కాంటాక్టర్లు. మధ్యాహ్నం రెండు గంటల వేళ నడిపే కుర్రవాడు వచ్చి, "అన్నా, పొద్దున మంచిగనే నడిచింది. ఇప్పుడు ఫోర్కులు లేస్తున్నయ్ గాని బండి కదుల్తలేదు" అని చెప్పాడనుకుందాం.

ఆ ఒక్క మాటలోనే సగం సమాధానం ఉంది. ఫోర్కులు లేస్తున్నాయంటే బ్యాటరీ, దాని ప్లగ్గు, తాళపు స్విచ్ నిర్దోషులు. ఈ బండిలో పంపు తీగ తాళపు స్విచ్ దాటగానే విడిపోతుంది. కనుక లోపం అక్కడి నుండి మోటారు వరకు గల నడక శాఖలోనే ఉన్నది. తరువాతి ప్రశ్నకు మీటరు కూడా అక్కరలేదు, చెవి చాలు. దిశా మీటను ముందుకు నెట్టినప్పుడు కాంటాక్టరు "టక్" మని పడుతున్నదా? పడితే లోపం బరువైన తీగల వైపు – కాంటాక్టరు మొనలు, బ్రష్షులు, మోటారు – వెతకాలి. పడకపోతే సన్న తీగల వైపు వెతకాలి. ఈ బండిలో శబ్దం లేదు.

సన్న తీగల దారి పొడవునా సీటు స్విచ్, బ్రేకు స్విచ్, నేలపలక కింద ఒక కనెక్టరు, దిశా స్విచ్, చివరకు కాంటాక్టరు తీగచుట్ట వరుసగా ఉంటాయి. ఇవన్నీ గొలుసు లంకెల వంటివి. ఒక్కటి తెగినా చుట్టకు విద్యుత్తు చేరదు. మొదటి నుండి ఒక్కొక్కటే పరీక్షించుకుంటూ పోవడం ఓపిక గలవారి పద్ధతి. దారి మధ్యలో మొదట కొలిచి, అక్కడిదాకా బాగుంటే ముందు సగాన్ని వదిలివేయడం తెలివిగలవారి పద్ధతి. ఎనిమిది అనుమానితులలో దోషిని మూడే పరీక్షలలో పట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మెకానిక్కు చుట్ట వద్ద తీగను ఊడదీసి, దాని కొనకు మీటరు పెట్టాడు. 48 వోల్టులు నిండుగా చూపించింది. "విద్యుత్తు వస్తున్నది, చుట్టే పోయింది" అని తీర్మానించి కొత్త కాంటాక్టరు బిగించాడు. బండి చక్కగా నడిచింది. అందరూ సంతోషించారు. మరునాటి మధ్యాహ్నం రెండు గంటలకు బండి మళ్ళీ ఆగింది.

జరిగినదేమిటో అంకెలలో చూస్తే తేటతెల్లమవుతుంది. లెక్క సులువు కోసం చల్లగా ఉన్న చుట్ట నిరోధం 48 ఓములనీ, కాంటాక్టరు పడాలంటే కనీసం 0.6 ఆంపియరు కావాలనీ అనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న వలయంలో 1 ఆంపియరు పారుతుంది, కావలసినంత మిగులు. ఇప్పుడు నేలపలక కింది కనెక్టరు పిన్ను మీద సముద్రపు గాలికి పచ్చని చిలుము పట్టి 24 ఓముల అడ్డు ఏర్పడింది. మొత్తం 72 ఓములు. పారేది 0.67 ఆంపియరు. కష్టం మీద అయినా కాంటాక్టరు పడుతుంది. పొద్దున బండి నడవడానికి కారణం ఇది.

రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. చుట్టలో పారే ప్రవాహమే దానిని వేడి చేస్తుంది. దానికి ఆగస్టు మధ్యాహ్నపు వేడి తోడవుతుంది. చుట్ట 60 డిగ్రీలు వేడెక్కితే దాని నిరోధం 48 నుండి 59 ఓములకు చేరుతుంది. చిలుము అడ్డుతో కలిపి 83 ఓములు. పారేది 0.58 ఆంపియరు. కాంటాక్టరు పడదు. చిలుము లేకుండా వేడి ఒక్కటే ఉంటే 0.81 ఆంపియరు పారి బండి నడిచేది. వేడి లేకుండా చిలుము ఒక్కటే ఉన్నా నడిచేది. రెండూ కలిసినప్పుడే ఆగుతుంది. కొత్త కాంటాక్టరు ఎందుకు నడిచిందో కూడా ఇప్పుడు బోధపడుతుంది. అది కొత్తది కావడం వలన కాదు. చల్లగా ఉండడం వలన!

మరి మీటరు 48 వోల్టులు ఎందుకు చూపింది? నేటి మీటర్ల అంతర్నిరోధం సాధారణంగా కోటి ఓములు. చుట్టను ఊడదీశాక ఆ దారిలో పారే ప్రవాహం లేనట్టే. ప్రవాహం లేని చోట 24 ఓముల అడ్డు వద్ద వోల్టేజి నష్టమూ లేదు. బరువు మోయనివాని కాలు విరిగిందో లేదో నిలబెడితేనే తెలుస్తుంది. చుట్టను తగిలించే ఉంచి, మీట నొక్కి పట్టి కొలిస్తే దాని కొసల మధ్య 34 వోల్టులే కనిపించేవి. తక్కిన 14 వోల్టులు ఎక్కడ పోయాయన్నదే ప్రశ్న. మీటరు రెండు తీగలను ఒక్కొక్క లంకెకు అటూ ఇటూ పెడుతూ పోతే, మూసి ఉన్న మంచి స్విచ్ వద్ద దాదాపు సున్నా, పూర్తిగా తెగిన చోట నిండు 48, చిలుము పట్టిన కనెక్టరు వద్ద ఆ తప్పిపోయిన 14 దొరుకుతాయి. దొంగ సొత్తుతో సహా పట్టుబడినట్టే.

ఆ పిన్నును గీకి మళ్ళీ తొడిగితే ఆ రోజుకు నడుస్తుంది. స్ప్రింగు బిగువు తగ్గిన పిన్నును మార్చి, నేల కడిగిన నీళ్ళు చేరని చోటికి కనెక్టరును ఎత్తి కడితే సంవత్సరాలు నడుస్తుంది.

అతుకు తీగ

అయితే గిడ్డంగిలో లారీలు వరుస కట్టి ఉన్నప్పుడు ఇంత నింపాదిగా వెతికే అవకాశం మెకానిక్కుకు ఎప్పుడూ దొరకదు. "ముందు బండి కదిలించు, తరువాత చూద్దాం" అనే కేక వినిపిస్తుంది. ఆ ఒత్తిడిలో పుట్టేదే అతుకు తీగ. సీటు స్విచ్ రెండు కొసలనూ చిన్న తీగతో కలిపివేస్తే బండి కదులుతుంది. తరువాత చూడడమన్నది జరగదు. వేరొకచోట ఉన్న లోపాన్ని వెతికే క్రమంలో పరీక్ష కోసం వేసిన తీగ కూడా తీయడం మరచిపోతే అలాగే ఉండిపోతుంది.

సీటు స్విచ్ ఎందుకున్నదో చూస్తే దాని విలువ తెలుస్తుంది. నడిపేవాడు సీటు దిగగానే నడక శాఖకు విద్యుత్తు ఆగిపోవాలి. దిశా మీట ముందుకే ఉండిపోయినా, తొక్కుడుమీట మీద ఏదైనా పడినా బండి కదలకూడదు. ఇందుకు తోడుగా మరొక కట్టుబాటు ఉన్నది: తాళం తిప్పి, సీటులో కూర్చున్న తరువాతనే దిశా మీటను వేయాలి, ఆ వరుస తప్పితే కంట్రోలరు మొండికేస్తుంది. దీనిని కూడా కొందరు లోపంగా పొరబడి ఫిర్యాదు చేస్తుంటారు. మీటను మధ్యకు తెచ్చి మళ్ళీ వేస్తే కదిలే బండికి జబ్బేమీ లేదు. సీటు స్విచ్‌ను అతికిన బండిలో ఈ కట్టుబాటు సగం చచ్చిపోతుంది. నడిపేవాడు దిగి సరుకు సర్దుతుండగా బండి కదిలితే, నాలుగు టన్నుల ఇనుముకూ గిడ్డంగి గోడకూ నడుమ నిలబడిన మనిషికి చోటుండదు.

అమెరికా వృత్తి భద్రతా నిబంధనలలో లోపం గల బండిని బాగుచేసే వరకు పని నుండి తప్పించి తీరాలనీ, ప్రతిరోజూ వాడే ముందు తనిఖీ చేయాలనీ స్పష్టంగా ఉంది. నడిపేవారికి శిక్షణ విషయమై అక్కడ 1998లో నియమాలను మరింత కట్టుదిట్టం చేశారు. ఏ దేశంలో పనిచేసేవారికైనా ఆ తనిఖీకి ఖర్చు లేదు. సీటులో కూర్చోకుండా బండి కదులుతుందేమో చూడటానికి ఒక్క నిమిషం చాలు. వేరే ఊరి నుండి వచ్చి, భాష రాని చోట, "ఈ బండి నేను నడపను" అని మేస్త్రీతో చెప్పడం మాత్రం అంత తేలిక కాదు. ఆ మాట అనగలగాలంటే ఏ లోపమో, ఎందుకు ప్రమాదమో తెలిసి ఉండడం కొంత బలాన్నిస్తుంది.

తొక్కుడుమీట, ట్రాన్సిస్టరు

తొక్కుడుమీట కింద ఉండే మారునిరోధం కూడా తరచు తంటా తెచ్చేదే. చాలా బండ్లలో ఇది 5,000 ఓములది. ఒక రకం అమరికలో మీట వదిలినప్పుడు 5,000, పూర్తిగా తొక్కినప్పుడు సున్నా. ఈ తలకిందుల లెక్క వెనుక దూరదృష్టి ఉన్నది. తీగ తెగితే నిరోధం అనంతమవుతుంది, అంటే 5,000 కన్న ఎక్కువ. కంట్రోలరు దానిని "ఆగు" అని చదువుకుంటుంది. దీనికి వ్యతిరేకమైన అమరికలో తెగిన తీగ "పూర్తి వేగం" అనే అర్థాన్ని ఇవ్వగలదు. అందుకే అటువంటి కంట్రోలరులో హద్దు మీరిన నిరోధాన్ని లోపంగా గుర్తించే ఏర్పాటు తప్పనిసరి. ఒక రకం బండి మీటను మరొక రకానికి బిగించరాదని తయారీదారులు నొక్కి చెప్పేది ఈ కారణంగానే. బండి ఒక వేగం వద్ద కుదుపులిస్తుంటే, బ్యాటరీ ప్లగ్గు లాగి, మీటను నెమ్మదిగా తొక్కుతూ ఓముల మీటరు ముల్లును గమనించాలి. సాఫీగా సాగవలసిన ముల్లు ఒకచోట ఎగిరిపడితే అరిగిన చోటు అదే. ఈ ఒక్క పనికి అంకెల మీటరు కన్న పాతకాలపు ముల్లు మీటరే మేలు.

మోస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు చెడిపోయినప్పుడు ఎక్కువగా తెగిపోవు; అతుక్కుపోతాయి. బ్రష్షుల మోటారు గల బండిలో అతుక్కుపోయిన ట్రాన్సిస్టరు అంటే మూతపడని కుళాయి. కాంటాక్టరు పడిన మరుక్షణం మోటారుకు నిండు వోల్టేజి. ఈ కారణం చేత తాళం తిప్పగానే కంట్రోలరు మొదట తన ట్రాన్సిస్టర్లను తానే పరీక్షించుకుని, సవ్యంగా ఉన్నాయని నిర్ధారించుకున్నాకే ప్రధాన కాంటాక్టరును పడనిస్తుంది. మెకానిక్కు కూడా బ్యాటరీ తీసి, కెపాసిటర్లను ఖాళీ చేసి, మోటారు ఋణపు కొసకూ బ్యాటరీ ఋణపు కొసకూ మధ్య ఓములు కొలిచి చూడవచ్చు. సున్నాకు చేరువగా ఉంటే కంట్రోలరు పోయినట్టే.

ఎండాకాలంలో బండి చచ్చుబడి నడుస్తున్నదన్న ప్రతి ఫిర్యాదూ లోపం కాదని కూడా గుర్తించాలి. కంట్రోలరు లోహపు దిమ్మ సుమారు 85 డిగ్రీలకు చేరితే తనను తాను కాపాడుకోవడానికి ప్రవాహాన్ని తగ్గించుకుంటుంది. గాలి తగిలే రెక్కల మీద దుమ్మూ, అట్టపెట్టెల నూగూ పేరుకుని ఉంటే ఈ స్థితి త్వరగా వస్తుంది. ఇక్కడ కావలసింది కొత్త కంట్రోలరు కాదు, ఒక బ్రష్షు. బ్యాటరీ ఛార్జి తగ్గినప్పుడు కూడా ఇదే విధంగా బలం తగ్గుతుంది.

1990ల నుండి బ్రష్షుల మోటార్ల స్థానాన్ని మూడు ఫేజుల ప్రేరణ మోటార్లు ఆక్రమించాయి. 1888లో నికోలా టెస్లా పేటెంటు పొందిన ఈ మోటారు ఫోర్క్‌లిఫ్టులోకి రావడానికి శతాబ్దం పట్టింది. వేగంగా తెరిచి మూసే ట్రాన్సిస్టర్లు చౌక అయ్యేవరకు బ్యాటరీ నుండి మూడు ఫేజులు పుట్టించడం లాభసాటి కాలేదు. దీనివలన కార్బన్ పొడి బెడద తీరింది. అంతకన్న ముఖ్యమైన మేలు మరొకటి. ఇందులో ఆరు ట్రాన్సిస్టర్లు ఒక వరుసలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటేనే తిరిగే అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఒకటి అతుక్కుపోతే ఆ క్షేత్రం తిరగదు. బండి నిలిచిపోతుంది లేదా బిగుసుకుంటుంది గాని పరుగు తీయదు. పాత బండి చెడిపోతే దూకే అవకాశముండగా, ఈ బండి చెడిపోతే ఆగే అవకాశమే ఎక్కువ.

కొత్త బండ్లలో కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది క్యాన్ అనే రెండు తీగల జంట ద్వారా. ఈ పద్ధతిని 1986లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ కార్ల కోసం ప్రకటించింది. జంట రెండు చివరలా 120 ఓముల నిరోధాలు ఉంటాయి. విద్యుత్తు ఆపి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది. సున్నా వస్తే తీగలు ఎక్కడో ఒరుసుకుని కలిసిపోయాయి. తెర మీద కనిపించే లోప సంకేతం "నడక కంట్రోలరుతో సంబంధం లేదు" అని మాత్రమే చెబుతుంది. ఆ అంకెను చూసి ఖరీదైన కంట్రోలరును మార్చినవారికి మరునాడు అదే అంకె తిరిగి కనిపించడం అరుదు కాదు. మాస్టు కదిలినప్పుడల్లా ఒరుసుకునే తీగకట్టను చేతితో తడిమి చూసే పాత అలవాటు ఈ బండ్లకు కూడా పనికివస్తున్నది.

మరమ్మతు ముగిశాక చక్రాలు ఇంకా దిమ్మల మీదే ఉండగా రెండు దిశలలోనూ నడిపి చూస్తారు. సీటు నుండి లేచినప్పుడు, బ్రేకు నొక్కినప్పుడు, మీటను ముందే వేసి తాళం తిప్పినప్పుడు చక్రాలు తిరగకుండా ఉన్నాయో లేదో విడివిడిగా పరీక్షిస్తారు. బ్రష్షుల మోటారును బరువు లేకుండా నిండు వేగానికి పోనివ్వరు. అది హద్దు లేకుండా వేగం పెంచుకుని చెడిపోగలదు. పరీక్ష కోసం వేసిన తీగలను లెక్కబెట్టి అన్నీ తీసివేసి, బండిని నేలకు దింపి, మనుషులు లేని చోట మొదట ఖాళీగా, పిదప బరువుతో నడుపుతారు. చివరగా రిజిస్టరులో రాస్తారు: ఏ కనెక్టరు, ఏ పిన్ను, మరమ్మతుకు ముందు ఎన్ని వోల్టులు, తరువాత ఎన్ని వోల్టులు, ఏ తేదీ, ఎవరి సంతకం. రాత్రి షిఫ్టుకు వచ్చేవాడు ఆ పేజీ చూసుకునే తాళం చేతిలోకి తీసుకుంటాడు.